ఇద్దరితో, సామానుతో దూర ప్రయాణం: బైకు వెనక షాకులను సరిచేసుకోవాలా, మార్చుకోవాలా?

దూర ప్రయాణాలకు బైకును సిద్ధం చేసుకునేవారు సీటు, టైర్లు, లైట్లు, సామాను పెట్టెల గురించి ముందే ఆలోచిస్తారు గాని, వెనక షాక్ అబ్జార్బర్ల సంగతి సాధారణంగా ఒక ప్రయాణం చేసి వచ్చాకే గుర్తుకు వస్తుంది. వెనక కూర్చున్నవారు నడుము పట్టేసిందని చెప్పినప్పుడో, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు బండి అడుగు నేలకు తగిలినప్పుడో ఏ కంపెనీ షాకులు మంచివని వెతకడం మొదలవుతుంది. కంపెనీ పేరుతో మొదలుపెట్టడం సరైన దారి కాదని నా గట్టి అభిప్రాయం. ముందుగా తేల్చుకోవలసినవి రెండే సంగతులు: మీ బండి మీద మొత్తం ఎంత బరువు పడుతుంది, ఆ బరువు ఎంత తరచుగా మారుతుంది. వారమంతా ఒంటరిగా ఆఫీసుకు వెళ్లి నెలకొకసారి భార్యతో, రెండు బ్యాగులతో అరకుకు వెళ్లే వ్యక్తికీ, ఎప్పుడూ ఒంటరిగానే నిండు సామానుతో లదాఖ్ వరకు వెళ్లే వ్యక్తికీ ఒకే షాకు సరిపోదు, ఇద్దరి బండీ ఒకటే అయినా సరే.

ఉదాహరణగా ఇక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650ని తీసుకుంటున్నాను. దూర ప్రయాణాలకు మనవాళ్లు బాగా ఇష్టపడే బళ్లలో అది ఒకటి. పైగా వెనక రెండు షాకులూ చేతికి అందేలా బయటే ఉంటాయి కాబట్టి ఎవరైనా స్వయంగా కొలిచి, సరిచేసి చూసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, దాని వెనక చక్రం పైకీ కిందికీ కదలగలిగేది 88 మిల్లీమీటర్లు మాత్రమే. అదే కంపెనీ బళ్లలో సూపర్ మీటియర్ 650కి 101 మి.మీ., పాత హిమాలయన్ 411కి 180 మి.మీ., కొత్త హిమాలయన్ 450కి 200 మి.మీ. ఉన్నాయి. కదలిక ఎంత తక్కువగా ఉంటే సర్దుబాటులో పొరపాటుకు అంత తక్కువ చోటు ఉంటుంది. అందువల్ల ఇంటర్‌సెప్టర్‌కు పనికివచ్చే లెక్క మిగతా బళ్లకూ నిశ్చింతగా పనికివస్తుంది.

కొనే ముందు కొలవండి

కొత్త షాకులకు డబ్బు పెట్టే ముందు ఒక టేపు, ఒక కాగితం, సాయానికి ఇద్దరు మనుషులు ఉంటే అరగంటలో అసలు విషయం తేలిపోతుంది. ముందుగా టైర్లలో గాలిని బండి మాన్యువల్‌లో చెప్పినంతకు, వెనక మనిషి కూర్చునేట్లయితే అందుకు విడిగా చెప్పిన అంకెకు తీసుకురండి. గాలి తక్కువైన టైరు చేసే అల్లరిని షాకుల తప్పుగా పొరబడడం చాలా సాధారణం. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండాలి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం నేలను వదిలి పూర్తిగా కిందికి జారి ఉన్నప్పుడు, చక్రం ఇరుసు నట్టు మధ్య నుంచి నిటారుగా పైకి, సీటు కింద ఫ్రేము మీద టేపు ముక్కతో పెట్టుకున్న గుర్తు వరకు కొలవండి. ఇది మొదటి కొలత. తరువాత బండిని స్టాండ్ దింపి, ఎవరూ ఎక్కకుండా నిటారుగా పట్టుకొని అదే దూరాన్ని మళ్లీ కొలవండి. మూడోది హెల్మెట్, జాకెట్, బూట్లతో మీరు ఎక్కి కూర్చున్నప్పటి కొలత. నాలుగోది వెనక మనిషీ, సామానూ అన్నీ ఎక్కిన తరువాతి కొలత. మొదటి కొలతకూ మిగతావాటికీ ఉన్న తేడానే సాగ్ అంటారు. ఎవరూ ఎక్కనప్పటిది ఖాళీ సాగ్, బరువుతో ఉన్నప్పటిది లోడ్ సాగ్.

ప్రతి కొలతనూ రెండుసార్లు తీసుకోవాలి. ఒకసారి సీటును కిందికి నొక్కి మెల్లగా పైకి రానిచ్చి, ఇంకోసారి కాస్త పైకెత్తి మెల్లగా దిగనిచ్చి కొలిచి, రెండింటి సగటును రాసుకోవాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఎక్కడో బిగుతు ఉందని అర్థం: షాకు చివరల బుష్‌లు కావచ్చు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బేరింగులు కావచ్చు, వెనక ఒకే షాకు ఉండే మోనోషాక్ బండి అయితే లింకేజి బేరింగులు గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. ఆ బిగుతును వదిలించకుండా ఎంత ఖరీదైన షాకు వేసినా డబ్బు దండగే.

వచ్చిన అంకెలను ఎలా చదవాలో ఊహించిన కొలతలతో చూద్దాం. చక్రం గాలిలో ఉన్నప్పుడు 520 మి.మీ., బండి ఒక్కటే నిలబడినప్పుడు 508, మీరు ఎక్కినప్పుడు 492, వెనక మనిషి, సామాను కూడా ఎక్కాక 470 వచ్చాయనుకుందాం. అంటే ఖాళీ సాగ్ 12, ఒంటరి సాగ్ 28, ఇద్దరితో 50. మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు, అంటే 88లో సుమారు 26 నుంచి 31 మి.మీ. వరకు బరువుకు కుంగడం ప్రయాణాలకు సరైనది. మొత్తం కదలికలో పదో వంతు నుంచి ఆరో వంతు దాకా బండి తన సొంత బరువుకే కుంగాలి. ఈ లెక్కన మీరు ఒంటరిగా వెళ్లినంత కాలం బండిలో ఏ లోపమూ లేదు. ఇద్దరితో మాత్రం గుంత రాకముందే 50 మి.మీ. ఖర్చైపోయి, గుంతకు మిగిలేది 38 మి.మీ. మాత్రమే.

చేతిలో ఉన్న మొదటి మందు ప్రీలోడ్, అంటే బరువు పడకముందే స్ప్రింగును కొంత నొక్కి ఉంచడం. స్ప్రింగు కింది రింగును సీ-స్పానర్‌తో (కొక్కెం లాంటి రెంచితో) తిప్పి బండి వెనక భాగాన్ని 12 మి.మీ. పైకి తెచ్చారనుకుందాం. ఇద్దరితో కుంగేది 38కి తగ్గుతుంది, గుంతకు 50 మిగులుతుంది. అయితే ఖాళీ సాగ్ కూడా అదే 12 మి.మీ. తగ్గి సున్నాకు చేరుతుంది, అంటే బండి ఒక్కటే నిలబడినప్పుడు చక్రం కిందికి జారడానికి ఏమీ మిగలదు. ప్రీలోడ్ స్ప్రింగును గట్టిపరచదు, బండి నిలబడే ఎత్తును మాత్రమే మారుస్తుంది అని చెప్పేది ఇందుకే. మెకానిక్కులు, రైడర్లు ఎక్కువగా తికమకపడే చోటు ఇదే కాబట్టి ఇంకొక మాట చేరుస్తాను: సరైన లోడ్ సాగ్ రావడానికి ప్రీలోడ్‌ను చివరిదాకా తిప్పవలసి వచ్చి, ఖాళీ సాగ్ దాదాపు సున్నా అయితే మీ స్ప్రింగు ఆ బరువుకు మెత్తనిది. ప్రీలోడ్ దాదాపు లేకుండానే లోడ్ సాగ్ సరిపోయి, ఖాళీ సాగ్ మాత్రం ఎక్కువగా ఉంటే స్ప్రింగు గట్టిది. మొదటిసారి వింటే తలకిందులుగా తోస్తుంది గాని, కొలతలు తీసుకున్నవారికి వెంటనే అర్థమవుతుంది.

పై ఉదాహరణలో వెనక మనిషి, సామాను వల్ల అదనంగా కుంగింది 22 మి.మీ. చక్రం దగ్గర రెండు స్ప్రింగుల మొత్తం గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లు అనుకుంటే, ఆ 22 మి.మీ. వెనక చక్రం మీద పెరిగిన 67 కిలోల బరువుకు సమానం. స్ప్రింగును మిల్లీమీటరుకు 40 న్యూటన్లకు మార్చితే అదే బరువుకు అదనపు కుంగుడు పదహారు, పదిహేడు మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఇద్దరితో 35 మి.మీ. కుంగేలా ప్రీలోడ్ పెట్టుకున్నా, ఖాళీ సాగ్ ఆరేడు మి.మీ. మిగిలే ఉంటుంది. మూడో వంతు అన్న నియమానికి ఇది కాస్త ఎక్కువే. కానీ 88 మి.మీ. బండి మీద ఇద్దరు, సామాను అన్నప్పుడు ఆమాత్రం రాజీ తప్పదు, దానికి నేను అభ్యంతరం చెప్పను.

రీబౌండ్ గురించి రోడ్డు చెప్పే మాట

స్ప్రింగు బరువును మోస్తుంది; అది నొక్కుకొని తిరిగి లేచే వేగాన్ని అదుపులో పెట్టేది షాకు లోపలి ఆయిలు. గట్టి స్ప్రింగు వేసినా, ప్రీలోడ్ పెంచినా స్ప్రింగు తిరిగి లేచే బలం పెరుగుతుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచే రీబౌండ్ డ్యాంపింగ్ కూడా ఆ మేరకు పెరగాలి. ఇంటర్‌సెప్టర్ సొంత షాకులతో సహా మన దగ్గర అమ్మే చాలా బళ్ల షాకులకు ఈ సర్దుబాటు ఉండదు, ప్రీలోడ్ ఒక్కటే ఉంటుంది. స్ప్రింగు మాత్రమే మార్చుకుంటే సరిపోతుందా, షాకు మొత్తం మార్చాలా అన్న నిర్ణయం చివరికి ఇక్కడే తేలుతుంది.

రీబౌండ్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మన రోడ్ల మీద రెండు మంచి పరీక్షలు ఉన్నాయి. ఊరి మొదట్లో ఉండే పెద్ద స్పీడ్ బ్రేకర్‌ను నెమ్మదిగా దాటినప్పుడు సీటు ఒకసారి పైకి లేచి నిలకడగా కుదురుకోవాలి. లేచి, దిగి, మళ్లీ లేస్తే రీబౌండ్ తక్కువగా ఉంది. అదే లోపం శ్రీశైలం ఘాట్‌లోని పొడవాటి మలుపుల్లో బండి నడుము ఊగినట్లుగా తెలుస్తుంది. రెండో పరీక్ష టోల్ గేట్ల ముందు, జంక్షన్ల ముందు వరసగా వేసే సన్నని రంబుల్ స్ట్రిప్స్. వాటి మీద వెళ్తున్నకొద్దీ కుదుపు పెరుగుతూ, బండి వెనక భాగం కిందికి దిగబడుతున్నట్లు అనిపిస్తే రీబౌండ్ ఎక్కువైంది. మొదటి గీత మీద నొక్కుకున్న స్ప్రింగు పూర్తిగా లేవకముందే రెండో గీత, మూడో గీత వచ్చి పడుతున్నాయన్నమాట. ఈ స్థితిలో ఉన్న బండిని షాకులు గట్టిగా ఉన్నాయని పొరబడి ప్రీలోడ్ తగ్గించేవారు ఎందరో ఉన్నారు. దానివల్ల పరిస్థితి ఇంకా చెడుతుంది.

రాడ్డు కంటికి కనిపించే షాకుల్లో ఒక చిన్న జిప్ టైని రాడ్డు చుట్టూ, గీతలు పడకుండా, వేలితో జరిగేంత వదులుగా కట్టి షాకు బాడీకి ఆనించి పెట్టండి. ఒక రోజు ప్రయాణం తరువాత అది ఎంత దూరం జరిగిందో చూస్తే షాకు తన కదలికను ఎంతవరకు వాడుకుందో తెలుస్తుంది. దారిలోని అతి చెడ్డ గుంత దగ్గర మాత్రమే అది చివరి రబ్బరు బంప్ స్టాప్‌ను తాకితే సర్దుబాటు సరిగా ఉన్నట్లే. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ తాకుతుంటే స్ప్రింగు చాలడం లేదు. సగం దూరం కూడా జరగకపోతే అక్కరకు మించి గట్టిగా పెట్టుకున్నారు, వెనక మనిషి నడుము ఆ భారాన్ని మోస్తోంది.

ఏది ఎవరికి

ఉన్న షాకులనే సరిచేసుకోవడం మొదటి దారి. ఒంటరిగా, పది పదిహేను కిలోల సామానుతో తిరిగేవారిలో ఎక్కువమందికి ఇదే చాలు. రెండు షాకుల బండిలో ఎడమ, కుడి రెండింటి ప్రీలోడ్‌నూ తప్పకుండా ఒకే మెట్టు మీద ఉంచాలి; సర్వీసింగ్ నుంచి వచ్చిన బళ్లలో ఒకటి రెండో మెట్టు మీద, ఇంకొకటి మూడో మెట్టు మీద కనిపించడం అరుదేమీ కాదు. వెనక మనిషి ఎక్కిన రోజు పైమెట్టుకు, దిగిన రోజు కింది మెట్టుకు మార్చే అలవాటు చేసుకోవాలి. సీ-స్పానర్ జారి వేళ్లు ఫ్రేముకు కొట్టుకోకుండా చేతికి గ్లవుజు వేసుకొని, బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి తిప్పితే పని సులువు అవుతుంది.

రెండోది, షాకు అదే ఉంచి స్ప్రింగు మాత్రం మార్చడం. ఖర్చు తక్కువ కాబట్టి ఆకర్షణ ఎక్కువ. స్ప్రింగు గట్టిదనం ఒక మెట్టు మాత్రమే పెరిగినప్పుడు, షాకులు కొత్తవైనప్పుడు ఇది పనిచేస్తుంది. అంతకు మించి గట్టిది వేస్తే లోపలి ఆయిలు దాన్ని పట్టి ఉంచలేక స్పీడ్ బ్రేకర్ మీద సీటు మనిషిని ఎగరేస్తుంది. స్ప్రింగును విప్పడానికి కంప్రెసర్ పనిముట్టు తప్పనిసరి. నొక్కుకొని ఉన్న స్ప్రింగు తటాలున విడిపోతే మనిషికి పెద్ద దెబ్బ తగులుతుంది కనుక, తాళ్లతో, కాలితో తొక్కిపట్టి విప్పే చోటికి బండిని తీసుకువెళ్లవద్దు. ముప్పై నలభై వేల కిలోమీటర్లు తిరిగిన షాకులకు కొత్త స్ప్రింగు వేయడాన్ని నేను సిఫారసు చేయను, ఎందుకంటే అప్పటికే అరిగిన సీళ్లూ పలచబడిన ఆయిలూ అలాగే ఉంటాయి.

మూడోది, నా దృష్టిలో ఇద్దరితో తిరిగేవారిలో ఎక్కువమందికి సరైనది: మీ బరువును బట్టి ఎంచిన స్ప్రింగుతో, మరలున్న రింగుతో తిప్పే ప్రీలోడ్‌తో, రీబౌండ్ క్లిక్కులతో వచ్చే, విప్పి సర్వీసు చేయడానికి వీలున్న గ్యాస్ షాకు. థాయ్‌లాండ్‌కు చెందిన వైఎస్ఎస్, 1976లో స్వీడన్‌లో మొదలైన ఓలిన్స్ వంటి కంపెనీలు ఇంటర్‌సెప్టర్‌కు సరిపోయే షాకులు చేస్తాయి. ధరలో వాటి మధ్య చాలా తేడా ఉంది. ఆర్డరు పెట్టేటప్పుడు అమ్మకందారుకు మీ బరువు, వెనక మనిషి బరువు, సామాను బరువు విడివిడిగా చెప్పి, వచ్చే స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లో రాయించుకోండి. ఆ అంకె చెప్పలేని అమ్మకందారు దగ్గర, బొమ్మ ఎంత అందంగా ఉన్నా, కొనవద్దని నా సలహా. అరవై కిలోల మనిషికి ఒంటరి ప్రయాణానికి చేసిన స్ప్రింగుతో వచ్చిన ఖరీదైన షాకు కంటే సరైన స్ప్రింగు ఉన్న మధ్యరకం షాకు ఎన్నో రెట్లు మేలు.

నాలుగోది పక్కన చిన్న డబ్బా లాంటి రిజర్వాయరు ఉండి, కంప్రెషన్‌ను, అంటే షాకు నొక్కుకునే వేగాన్ని కూడా విడిగా సర్దుకోగలిగే షాకు. దీని ఉపయోగం ఏమిటో తెలియాలంటే మామూలు షాకు ఎందుకు అలసిపోతుందో తెలియాలి. చవక రకం షాకుల్లో ఆయిలు, గ్యాసు ఒకే గదిలో ఉంటాయి. గంటల తరబడి గతుకుల మీద నడిచినప్పుడు ఆ రెండూ కలిసి నురగ కడతాయి, వేడికి ఆయిలు పలచబడుతుంది, షాకు పట్టు తప్పుతుంది. పొద్దున బాగున్న బండి మధ్యాహ్నానికి ఊగడం మొదలుపెట్టేది ఇందువల్లే. రిజర్వాయరు ఉన్న మంచి షాకుల్లో నైట్రోజన్‌ను ఒక తేలే పిస్టన్ ఆయిలు నుంచి వేరుగా ఉంచుతుంది, ఆయిలు పరిమాణం కూడా ఎక్కువ కాబట్టి వేడెక్కడం ఆలస్యమవుతుంది. మనాలి నుంచి లేహ్‌కు, స్పితి దారిలో గ్రాంఫూ నుంచి బాటల్ వరకు ఉన్న రాళ్ల బాటకు నిండు సామానుతో వెళ్లేవారికి ఈ ఖర్చు సార్థకమే. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు హైవే మీద, మారేడుమిల్లి–చింతూరు ఘాట్ మీద తిరగడానికి మూడో రకమే చాలు; తెలియకుండా కంప్రెషన్ మరను తిప్పుతూ పోతే ఉన్న సుఖం కూడా పోతుంది. మరొక సంగతి, రిజర్వాయరు డబ్బా సైడు బాక్సుల ఇనుప స్టాండుకు తగలకుండా ఉండాలి. బండి నిలబడి ఉన్నప్పుడే కాక, షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా తగలకూడదు. బిగించే ముందే చూసుకోవలసిన విషయమిది.

పేరుకు రిజర్వాయరు డబ్బా అతికించి, లోపల ఖాళీగా ఉండే చవక నకళ్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి. డబ్బాకూ బాడీకీ మధ్య ఆయిలు దారి లేనివి, స్ప్రింగు గట్టిదనం రాయనివి, సీళ్లు విడిగా దొరకనివి ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. సీలు చేసిన షాకును కోసి, ఆయిలు నింపి, వెల్డింగు చేసి ఇచ్చే రిపేరు చోట్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఒత్తిడితో గ్యాసు నింపిన షాకుకు మంట తగిలితే అది పేలే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని ఎన్నడూ చేయించవద్దు.

బరువు రోజూ మారేవారికి

ఇంట్లో పిల్లను కాలేజీ దగ్గర దింపి, అక్కడి నుంచి ఒంటరిగా వెళ్లి, శనివారం భార్యతో ఊరికి బయలుదేరేవారు సీ-స్పానర్‌తో రోజూ రింగు తిప్పరు. తిప్పుతామని అనుకుంటారు, రెండో వారానికే మానేస్తారు. అటువంటివారికి చేత్తో తిప్పే గుండ్రని పిడి ఉన్న హైడ్రాలిక్ ప్రీలోడ్ చాలా విలువైనది. ముఖ్యంగా మోనోషాక్ బళ్లలో రింగు సీటు కింద, చక్రానికీ ఇంజనుకూ మధ్య ఇరుకులో ఉంటుంది కాబట్టి ఆ పిడి ఉంటేనే మనిషి సర్దుకుంటాడు. ఇంటర్‌సెప్టర్ వంటి రెండు షాకుల బండిలో రింగులు బయటే ఉంటాయి కనుక, ఆ సౌకర్యానికి పెట్టే డబ్బును మంచి స్ప్రింగుకు, రీబౌండుకు పెట్టడం మేలని నేను అనుకుంటాను.

పెద్ద టూరింగ్ బళ్లలో ఈ సమస్యను కంపెనీలే పరిష్కరించాయి. హోండా గోల్డ్ వింగ్ 2001 నుంచి బటను నొక్కితే ప్రీలోడ్ మారే మోటారుతో వచ్చింది. బీఎండబ్ల్యూ 2004లో కె1200ఎస్‌తో ఎలక్ట్రానిక్ సర్దుబాటును తెచ్చింది. హార్లే టూరింగ్ బళ్లకు చాలా ఏళ్లు గాలి నింపే షాకులు ఉండేవి, 2017 నమూనాల నుంచి చేత్తో తిప్పే పిడి వచ్చింది. అమెరికాలో స్థిరపడి పాత హార్లే కొనే మనవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకుంటే చాలు: ఆ షాకుల్లో గాలి పట్టే చోటు చాలా చిన్నది కాబట్టి పెట్రోలు బంకులోని పెద్ద కంప్రెసర్‌తో కాక, గేజి ఉన్న చిన్న చేతి పంపుతోనే నింపాలి, లేకపోతే క్షణంలో సీళ్లు పాడవుతాయి.

హిమాలయన్ వంటి పొడవు కదలిక బళ్ల గురించి తక్కువ చెబితే చాలు. 200 మి.మీ. కదలికలో మూడో వంతు అంటే 60 నుంచి 70 మి.మీ. వరకు కుంగడం సహజం. కొత్తగా కొన్నవారు అంత కుంగడం చూసి కంగారుపడి ప్రీలోడ్ బిగించేస్తారు. అప్పుడు గుంతలో చక్రం కిందికి దిగక రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. కొలిచాకే బిగించండి.

వెనక ఎత్తు పెంచే ముక్కలు, కావాలని పొడవైన షాకులు వేసి బండి అడుగు నేలకు తగలకుండా చూసుకోవడం ఒక చెడ్డ అలవాటుగా మారింది. వెనక లేస్తే ముందు ఫోర్కు నిటారు అవుతుంది, హ్యాండిలు చురుకై వేగంలో నిలకడ తగ్గుతుంది, గొలుసు కోణం మారుతుంది, సైడు స్టాండు మీద బండి మరీ ఒరిగి నిలబడుతుంది. అడుగు తగలడానికి అసలు కారణం స్ప్రింగు చాలకపోవడమే అయినప్పుడు, స్ప్రింగును సరిచేయడమే మందు. రెండు చివరల కన్నాల మధ్య పొడవు పాత షాకుతో సమానంగా ఉన్నదాన్నే ఎంచుకోండి, ఐదారు మి.మీ. తేడా వరకు పరవాలేదు.

ఏ షాకూ బండి మోయగల గరిష్ఠ బరువును పెంచదు. మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి ఫ్రేముకు, చక్రాలకు, టైర్లకు, బ్రేకులకు కలిపి ఇచ్చినది. పైగా సామాను ఎక్కడ పెట్టారన్నది ఎంత పెట్టారన్నంత ముఖ్యం. వెనక చక్రం ఇరుసుకు అవతల, టాప్ బాక్సులో పెట్టిన పది కిలోలు ముందు చక్రాన్ని తేలిక చేస్తాయి, అదే పది కిలోలు సైడు బాక్సుల అడుగున పెడితే అంత ఇబ్బంది ఉండదు. నీళ్ల సీసాలు, పనిముట్లు, తాళాలు వంటి బరువైనవన్నీ కిందికి, ముందుకు. దుప్పట్లు, బట్టలు పైకి.

బిగించిన తరువాత

కొత్త షాకులు వచ్చాక కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి, ఎందుకంటే కంపెనీ పంపిన ప్రీలోడ్ మీ బరువుకు సరిపోతుందన్న నమ్మకం లేదు. రీబౌండ్ మరను గడియారం ముల్లు తిరిగే దిక్కుగా పూర్తిగా మూసి, బలం ఉపయోగించకుండా ఆగిన చోటు నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ వెనక్కి తిప్పి, షాకుతో వచ్చిన కాగితంలో చెప్పిన చోట మొదలుపెట్టండి. ఒకసారికి ఒకే మార్పు, రెండు క్లిక్కులకు మించకుండా, ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో నడిపి చూసి, ఏం తోచిందో రాసుకోండి. ఇద్దరికి పెట్టిన ప్రీలోడ్, రీబౌండ్ అంకెలను, ఒంటరికి పెట్టిన అంకెలను ఒక చీటీ మీద రాసి సీటు కింద అంటించుకుంటే దారిలో వెతుక్కోవలసిన పని ఉండదు.

గొలుసు వదులును బరువుతో చూడడం మరచిపోవద్దు. ఇంజను ముందు పళ్ల చక్రం, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక చక్రం ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు గొలుసు అత్యంత బిగుతుగా ఉంటుంది. ఖాళీ బండి మీద సరిగా కనిపించిన గొలుసు ఇద్దరు ఎక్కాక బిగుసుకొని బేరింగులను తినేయవచ్చు. అలాగే వెనక ఎత్తు మారితే హెడ్‌లైటు కూడా మారుతుంది. సాయంత్రం చీకటి పడ్డాక గోడకు ఐదు మీటర్ల దూరంలో బండిని నిలిపి, మీరొక్కరే కూర్చున్నప్పుడు లో బీమ్ పై అంచు ఎక్కడ పడుతుందో సుద్దతో గీత గీయండి. వెనక మనిషి, సామాను ఎక్కాక ఆ అంచు గీత మీదికి ఎంత లేచిందో చూసి, లైటును ఆ మేరకు దించండి. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ల కళ్లకు అది పెద్ద ఉపశమనం.

మొదటి వెయ్యి కిలోమీటర్ల తరువాత షాకుల పై, కింది బోల్టుల బిగింపును టార్క్ రెంచితో మరోసారి చూడండి. కొత్త స్ప్రింగులు ఆ పాటికి కాస్త సర్దుకుంటాయి కనుక సాగ్ కూడా రెండు మూడు మి.మీ. పెరిగి ఉండవచ్చు, మళ్లీ కొలిచి, రింగును ఆ మేరకు తిప్పి, చీటీ మీద అంకెలు మార్చుకోండి. బండి కడిగిన ప్రతిసారీ రాడ్డును మెత్తని గుడ్డతో తుడుస్తూ దాని మీద ఆయిలు పొర కనిపిస్తోందేమో చూడాలి. సన్నని తడి పెద్ద విషయం కాదు గాని, దుమ్ము పట్టి నల్లని వలయంగా మారేంత ఆయిలు ఉంటే సీలు పోయినట్లే, తరువాతి పెద్ద ప్రయాణానికి ముందే సర్వీసుకు ఇవ్వాలి.